జాలీలో చిక్కిన వెంట్రుకలు

రోజు 1187

డాక్టర్ సుభాషిణి గారు ఈ పుస్తకం ఇచ్చి పది నెలలైంది. మగ హార్మోన్ జెల్ రాసుకునేవాళ్లందరూ ఒంట్లో వచ్చే మార్పులు రోజూ రాసి, నెలాఖరున ఆవిడకు చూపించాలి. ఇన్నాళ్లూ "బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. నిజంగానే బాగుంది మరి. నిరుడు బయటికి పోయే తలుపు గదిలో జారిపడితే ముంజేయి పుల్లలా విరిగింది. అంగారకుడి మీద మనిషి బరువు మూడో వంతు పైచిలుకే. ఎముకలకు పని లేక సుద్దముక్కలైపోతాయి. రక్తం పరీక్ష చేస్తే, నలభై నాలుగేళ్ల నా ఒంట్లో మగ హార్మోన్ డెబ్భై ఏళ్ల ముసలాడికి ఉన్నంతే ఉందని తేలింది. అప్పటినుంచి రోజుకో పొట్లం జెల్ భుజాలకు రాసుకుంటున్నాను. బలం వచ్చింది, ఆకలి వచ్చింది, చీటికీ మాటికీ నా భార్య రత్నం మీద విసుక్కోవడం తగ్గింది.

ఇవాళ మాత్రం "బాగుంది" అని రాయడానికి చెయ్యి రాలేదు. పొద్దున దువ్వెనకు నలభై మూడు వెంట్రుకలు వచ్చాయి. లెక్కపెట్టాను. కణతల దగ్గర చర్మం మెరుస్తోంది.

"ఏటలా అద్దం ముందు నిలబడిపోనావు, మావా?" అంది రత్నం.

"జుత్తు ఊడిపోతంది."

"ఊడితే ఊడనీ. నీకేటి, పెళ్లిచూపులా?"

మామూలుగా అయితే ఈ మాటకు తనే ముందు నవ్వేది. నవ్వలేదు. తలకు గుడ్డ బిగించుకుని పుట్టగొడుగుల గదికి పనికి వెళ్లిపోయింది. ఈమధ్య ఇంట్లో కూడా ఆ గుడ్డ తీయడం లేదు.

రోజు 1193

మా ఊరు ఎర్రమిట్టలో మూడు వందల పన్నెండు మందిమి ఉన్నాం. అందరం వాడిన నీళ్లు నేను నడిపే శుద్ధి ప్లాంటుకే వస్తాయి. ముందు జాలీలో వెంట్రుకలు, చెత్త ఆగుతాయి. తర్వాత సన్నటి పొరలు, ఆఖరున బొగ్గు డ్రమ్ము. అది దాటిన నీళ్లు మళ్లీ కుళాయిల్లోకి వెళతాయి. జాలీలు కడగడం పొద్దుటి పని. నెలకోసారి బొగ్గు తీసి కొలిమిలో ఆరు గంటలు కాల్చాలి. అప్పుడే అది పట్టుకున్న మలినం వదిలి మళ్లీ పనికొస్తుంది.

ఇవాళ బొగ్గు కాల్చే రోజు. కొలిమి దగ్గర సొరంగం తవ్వేవాళ్లు ఉలులు కాల్చి పదును పెట్టుకోవడానికి వరుసకట్టి ఉన్నారు. మూడు గంటలు కాల్చి ఖాళీ చేసి ఇచ్చేశాను. రిజిస్టర్‌లో ఆరనే రాశాను. ఇలా చేయడం ఇది నాలుగోసారి. మీటరు ఏమీ అనలేదు. ఉప్పు సరిగ్గానే ఉంది, క్రిములు లేవు.

ఈ పుస్తకంలో రాయాల్సిన విషయం అది కాదు. మగవాళ్ల స్నానాల గది జాలీలో వెంట్రుకలు పిడికెడు ఉన్నాయి. ఎప్పుడూ చిటికెడు దాటేవి కావు. తూకం వేశాను: పదకొండు గ్రాములు. ఇకమీదట రోజూ తూస్తాను.

రోజు 1201

నెలాఖరు పరీక్షకు వెళ్లాను. పుస్తకం తీసుకెళ్లడం మరిచిపోయాను. సుభాషిణి గారిది గుడివాడ వైపు. నెమ్మదిగా మాట్లాడతారు, కానీ కళ్లు మాత్రం ఎదుటివాడి మొహం మీదినుంచి కదలవు.

"మగ హార్మోన్ తీసుకునేవాళ్లలో కొందరికి జుట్టు ఊడుతుందండీ, పైడిరాజు గారూ. ఒంట్లో అది ఇంకో రకంగా మారి వెంట్రుక కుదుళ్లను కుంచింపజేస్తుంది. ఆ గుణం వంశంలో ఉన్నవాళ్లకే ఎక్కువ. మీ నాన్నగారికి బట్టతలా?"

"లేదండి. పోయేనాటికీ తల నిండా జుత్తే."

"మీ మేనమామలకి?"

"ముగ్గురికీ ఉండేదండి."

ఆవిడ తెర మీద ఏదో చూసి కనుబొమలు ముడిచారు. "నేనిచ్చిన మోతాదుకి మీ రక్తంలో ఇంత ఉండకూడదు. రోజుకి ఒక్క పొట్లమేనా రాసుకుంటున్నారు?"

"ఒక్కటేనండి."

"నిజం చెప్పండి. బలం కోసం రెండేసి రాసేవాళ్లు ఉన్నారు. మీరొక్కరే అని కాదు."

చెంప మీద కొట్టినట్టయింది. నేను రెండు రాయలేదు. మరి ఎక్కువ ఎక్కడినుంచి వచ్చింది? పొట్లాలు కట్టేది ఆవిడ. అందులో ఎంత ఉందో తెలిసినదీ ఆవిడకే. బయటికి వస్తూ బీరువా వంక చూశాను. పొట్లాల మీద అచ్చు మారింది. ఇదివరకు నీలం గీత ఉండేది, ఇప్పుడు నలుపు.

ఈ పుస్తకం ఇక ఆవిడకు చూపించను. చూపించడానికి వేరే పుస్తకం పెట్టి, అందులో "బాగుంది" అని రాస్తాను.

రోజు 1208

జాలీలో పంతొమ్మిది గ్రాములు.

ఎలీషా సొరంగంలో వెల్డరు. మేం భూమినుంచి వచ్చింది ఒకే ఓడలో, మాది ఒకే జిల్లా. మూడేళ్లుగా జెల్ రాస్తున్నాడు, ఏనాడూ ఒక్క వెంట్రుక రాలలేదు. ఇవాళ భోజనాల దగ్గర టోపీ తీయలేదు. నేనే లాగేశాను. మాడు మీద అరచేయంత ఖాళీ.

"ఎప్పట్నుంచిరా?"

"రెండు నెలలు. నలుగురిలో అనకురా బాబూ. రగతంలో ఎక్కువుందని ఆ డాక్టరమ్మ నన్నే దొంగని చేసింది. రెండేసి రాసుకుంతన్నావా అని అడిగింది."

"నన్నూ అలాగే అడిగింది."

ఎలీషా చెంచా కింద పెట్టాడు. "అయితే పొట్లాల్లోనే ఏదో ఉంది. ఓడొచ్చేలోగా కొత్త సొరంగం అయిపోవాలని దివాకరం తొందరపడతన్నాడు కదా. మనకి బలమెక్కితే పని జరుగుద్ది. ఆవిడ చేత ఎక్కువ కట్టిస్తన్నాడు."

దివాకరం గారు ఎర్రమిట్ట నిర్వాహకుడు. మంచివాడో చెడ్డవాడో చెప్పడం కష్టం. ఎప్పుడూ తొందరలో ఉంటాడు. ఎలీషా మాట కాదనబుద్ధి కాలేదు. అచ్చు మారిన సంగతి నేనే చెప్పాను.

ఇద్దరం ఒక మాట అనుకున్నాం. రేపటినుంచి జెల్ రాసుకోం. పొట్లాలు దాచిపెడతాం. జుట్టు ఆగిందంటే తప్పు పొట్లానిదే.

రోజు 1223

పదిహేను రోజులుగా చుక్క జెల్ ఒంటికి తగల్లేదు. దువ్వెనకు డెబ్భై. జాలీలో ఇరవై ఆరు గ్రాములు. వీపు నిండా పదహారేళ్ల కుర్రాడికి వచ్చినట్టు మొటిమలు. రాసుకోవడం మానేస్తే నీరసం రావాలి కదా, నిండు డ్రమ్ము ఒంటిచేత్తో ఎత్తుతున్నాను.

ఎలీషాదీ ఇదే వరస. వాడి అనుమానం పొట్లం దాటి వంటశాల మీదికి పోయింది. "మనం మానేస్తామని వాళ్లకి తెలుసురా. కూట్లో కలిపేస్తన్నారు," అన్నాడు. సొరంగం వాళ్లందరికీ చెప్పేశాడు. నిన్న ఇద్దరు వైద్యశాల గుమ్మం దాకా వెళ్లి, పొట్లాలు ఆవిడ కాళ్ల దగ్గర విసిరేసి వచ్చారట.

మేం వంటశాలలో తినేది మధ్యాహ్నమే. పొద్దున, సాయంత్రం రత్నం చేసిందే తింటాను. ఈ వాక్యం రాశాక చాలాసేపు కలం ఆపి కూర్చున్నాను. జెల్ రాసుకోవడం మొదలుపెట్టాక నా ఒళ్లు చూసి అందరికన్నా సంతోషించింది తనే. పదకొండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. నేను దాచిన పొట్లాలు ఎక్కడున్నాయో తనకు తెలుసు. వెళ్లి లెక్కపెట్టాను. పదిహేనూ ఉన్నాయి. అయినా రాత్రి కూర వాసన చూసి తిన్నాను. తను గమనించింది.

రోజు 1231

రత్నం పనికి వెళ్లాక తన పెట్టె తెరిచాను. తప్పే. తెరిచాను.

అడుగున ఒక సంచీ. అందులో ఉండలు చుట్టిన వెంట్రుకలు, పొడుగువి, తనవే. పక్కన ఒక చిన్న పట్టకారు. ఒక గుడ్డలో చుట్టి, గర్భం పరీక్షించుకునే బద్దలు నాలుగు. నాలుగింటిలోనూ ఒకే గీత.

తను మధ్యాహ్నం వచ్చేసరికి అవన్నీ బల్ల మీద ఉన్నాయి. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నా పెట్టి ముట్టుకున్నావు."

"ఏటివన్నీ? నాకెందుకు సెప్పలేదు?"

"ఏటని సెప్పమంతావు?" నెమ్మదిగా తలగుడ్డ విప్పింది. పాపిడి వేలెడు వెడల్పయింది. దీపం కింద మాడు తెల్లగా కనిపించింది. "మూడు నెల్లయింది, నాను బయటుండి. మొదటి నెల దాటిపోతే పండింది కాబోసు అనుకున్నాను. నీకు సెప్పి ఆశెట్టడం ఎందుకని ఊరుకున్నాను. బద్ద ఎట్టి సూస్తే ఒకటే గీత. మళ్లీ సూశాను, మళ్లీ ఒకటే. ఆనక జుత్తు రాలడం మొదలైంది. ఇక్కడ మీసంలాగ మొలిసింది, రోజూ పీక్కుంతన్నాను."

పై పెదవి మీద వేలు పెట్టి చూపించింది. ఎర్రగా పొక్కిపోయి ఉంది.

"డాక్టర్‌కి సూపించలేదా?"

"ఎల్లాలంటే సిగ్గేసింది. నీ జెల్లే నాకంటుకుంతంది అనుకున్నాను. అందుకే నీ పక్క మీద పడుకోవడం మానేసినాను. నువ్వేమో నన్ను అదోలా సూస్తన్నావు. కూర వాసన సూస్తన్నావు. నాను మందెట్టినానని కదా అనుకున్నావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. తను బల్ల మీదివి ఒక్కొక్కటే సంచీలో వేసుకుంది. బద్దలు మాత్రం అక్కడే వదిలేసింది.

"జెల్ రాసుకుని ఇరవై మూడు రోజులైందే," అన్నాను.

తను చేయి ఆపింది. "మరి నాకెలా అంటుతంది?"

రోజు 1232

పొద్దున్నే ఆడవాళ్ల స్నానాల గది జాలీ తూచాను. రోజూ కడిగేది నేనే. మగ హార్మోన్ గొడవ మగవాళ్లది కదా అని ఒక్కనాడూ తూకం వేయలేదు. నలభై ఒక్క గ్రాములు.

జెల్ రాసుకునే వాళ్లం అరవై మందిమి. రాసుకున్నదంతా ఒంట్లోకి ఇంకదు. సగానికి పైగా స్నానంలో కొట్టుకుపోతుంది. అది నా దగ్గరికే వస్తుంది. ఆపాల్సింది బొగ్గు. నా మీటరుకు ఉప్పు తెలుసు, క్రిములు తెలుసు. హార్మోన్ సంగతి దానికి తెలియదు.

రెండు సీసాలు నింపాను. ఒకటి బొగ్గు డ్రమ్ముకు ముందు నీళ్లు, ఒకటి తర్వాతవి. సుభాషిణి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ గదిలో ఒక్కరే ఉన్నారు. తలుపుకు లోపలినుంచి గడియ వేసుకున్నారు. నన్ను చూసి తీయడానికి కూడా జంకారు.

"రక్తం కాదండి, నీళ్లు. మీ మిషన్‌లో చూడగలరా?"

గంట పట్టింది. రెండు సీసాల అంకెలూ ఒకటే. బొగ్గు ఏమీ ఆపడం లేదు.

"ఇక్కడ మనం తయారు చేసుకునే రకం కడుపులోకి వెళ్లినా చెడదు," అన్నారు ఆవిడ, తనలో తను అనుకుంటున్నట్టు. "వాడే కొద్దీ నీళ్లలో చేరుతూనే ఉంది. అందరూ తాగుతున్నారు. పిల్లలు కూడా." చేత్తో నోరు మూసుకున్నారు. నావైపు తిరిగి అడిగారు: "నెలనెలా కాలుస్తారు కదా బొగ్గు? ఆరు గంటలు?"

"కాలుస్తామండి," అన్నాను.

ఆరు అనలేదు. మూడు అని కూడా అనలేదు.

"దివాకరం గారికి చెప్పాలి. రేపు పొద్దున సభ పెడుతున్నారు, నా గురించే. అక్కడే చెబుతాను. మీరూ రండి."

వంటశాలలో నీళ్ల డబ్బాలన్నీ ఒంపేయమని ఆవిడే పరుగెత్తి చెప్పారు. గుట్టల మంచు కరిగించిన నిల్వ నీళ్లే వాడమన్నారు. ఎవరూ ఆవిడ మాట వినలేదు. నేను వెళ్లి ప్రధాన గొట్టం మూసేశాను. మరమ్మతు అన్నాను.

రోజు 1233

సభ భోజనాల హాల్లో జరిగింది. ఇంటికొకరైనా వచ్చారు. దివాకరం గారు మాట్లాడేలోపే ఎలీషా లేచాడు.

"ఈవిడ మనందరికీ ఎక్కువ మందు కట్టింది. ఇప్పుడు నీళ్లలో ఉందంతంది. నీళ్లలోకి ఎలా వచ్చింది? ఆవిడే కలిపింది. మందుల గది తాళం ఇంకొకరి చేతికివ్వండి. ఓడొచ్చినాక ఈవిడ్ని పంపీండి."

కేకలు. ఎవరో బల్ల చరిచారు. సుభాషిణి గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ చెప్పేది ముందు వరుస దాకా కూడా రావడం లేదు.

నాకు దారి తెరిచే ఉంది. కొలిమిలో బొగ్గు నిండుగా ఆరు గంటలు కాలిస్తే నెలలో అంతా చక్కబడుతుంది. రిజిస్టర్‌లో ఆరనే ఉంది. నేను నోరు విప్పకపోతే నేరం ఆవిడ మీదికి పోతుంది. ఆ అచ్చు మారిన సంగతి ఎలీషా చెవిన వేసిందీ నేనే. వెనక వరుసలో రత్నం కూర్చుని ఉంది. తలగుడ్డ లేదు. ఆ పాపిడిని హాల్లో సగం మంది ఆడవాళ్లు చూస్తున్నారు. చూసి, ఒకరి తర్వాత ఒకరు తమ తలలు తడుముకుంటున్నారు.

లేచాను. ఈ పుస్తకం తెరిచి 1193వ రోజు రాసింది చదివాను. "మూడు గంటలు కాల్చి ఖాళీ చేసి ఇచ్చేశాను. రిజిస్టర్‌లో ఆరనే రాశాను. ఇలా చేయడం ఇది నాలుగోసారి."



"ఏటన్నావు?" అన్నాడు ఎలీషా.

"డాక్టర్‌గారు కాదురా. నాను."

వాడు నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఆ పేజీ తనే మళ్లీ చదువుకున్నాడు. తిరిగిచ్చి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వెనకనుంచి ఒక తల్లి అడిగింది: "మా పాపకి నాలుగేళ్లు. అదీ తాగింది. దానికేటవుద్ది?"

సుభాషిణి గారు ఆ తల్లి పక్కకు వెళ్లి కూర్చున్నారు.

రోజు 1240

పిల్లలందరికీ పరీక్షలు చేశారు. ఏడుగురి రక్తంలో ఉంది. నీళ్లు మారాయి కాబట్టి తగ్గిపోతుందని ఆవిడ అంటున్నారు. ఆ ఏడు పేర్లూ నాకు నోటికి వచ్చేశాయి.

నన్ను ప్లాంటునుంచి తీసేస్తారనుకున్నాను. ఆ పని తెలిసినవాడు వేరే లేడు. అందుకే నన్ను ఉంచి, నా పక్కన కాపలా ఒకరిని పెట్టారు. బొగ్గు కాల్చే రోజు ఆరు గంటలూ కొలిమి దగ్గర కూర్చుని గడియారం చూడడం వాళ్ల పని. ఆ పని తీసుకుంటానని ముందుకొచ్చింది ఎలీషా. ఆరు గంటలు ఎదురెదురుగా కూర్చున్నాం. ఆఖరున లేచి, "ఇంకో గంట కాల్చు," అన్నాడు. కాల్చాను.

రోజు 1262

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లే. స్నానం వారానికోసారి. నన్ను చూస్తే జనం పక్కకు తప్పుకుంటున్నారు.

రక్తంలో అంకె దిగింది. మళ్లీ జెల్ మొదలుపెడదామా అని సుభాషిణి గారు అడిగారు. "మానేస్తే ఉన్న జుట్టు నిలవచ్చు. మొదలుపెడితే కొంత పోవచ్చు. ఊడేది తగ్గించే మాత్ర ఓడలో తెప్పిస్తాను. నిర్ణయం మీది."

"ఎముకలే కావాలండి," అన్నాను. "జుత్తుకేం."

పొట్లం ఇచ్చేటప్పుడు ఆవిడ దాన్ని నా ఎదుటే తూకం వేసి చూపించారు. నేను అడగలేదు. అక్కర్లేదు అందామనుకున్నాను. అచ్చు ఎందుకు మారిందో ఆవిడే చెప్పారు. నీలం సిరా అయిపోయిందట.

రోజు 1270

రత్నం ఇవాళ బయట చేరింది. ఆ మాట పుట్టగొడుగుల బుట్ట దించుతూ చెప్పింది, వాన వచ్చిందన్నట్టు. ఒంటికి మంచిదే కదా, నీళ్లు వదిలాయన్నమాట, అన్నాను. అవునంది. తర్వాత వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు నెలలు మోసిన ఆశ అది. లేదని బద్దలు చెబుతున్నా ఎక్కడో మిగుల్చుకున్నట్టుంది. పక్కన కూర్చున్నాను. చెయ్యి వేయనిచ్చింది. కానీ నావైపు తిరగలేదు.

రోజు 1276

వరసగా మూడుసార్లు పరీక్షలో నీళ్లు శుభ్రంగా వచ్చాయి. పొద్దున కుళాయిలు తెరిచాం. హాల్లో జనం గిన్నెలతో నిలబడ్డారు కానీ ఎవరూ పట్టుకోవడం లేదు. నేను ఒక గిన్నెడు పట్టి తాగాను.

"ఇంకోటి తాగరా," అన్నాడు ఎలీషా.

తాగాను. ఎవరూ నవ్వలేదు. సుభాషిణి గారు వచ్చి తనూ తాగారు. అప్పుడు ఒక్కొక్కరే పట్టుకోవడం మొదలుపెట్టారు. తాగినవాళ్లు మాత్రం తక్కువే.

రత్నం తన గిన్నె నింపుకుంది. వెలుతురుకేసి ఎత్తి చూసింది. నావైపు చూసింది. తాగకుండా పనికి పట్టుకుపోయింది. మధ్యాహ్నం పుట్టగొడుగుల గదికి వెళితే గిన్నె కిటికీ పక్క బల్ల మీద అలాగే నిండుగా ఉంది. తను వేరే వరుసలో పని చేసుకుంటోంది. పలకరించకుండా వచ్చేశాను.

రోజు 1277

ఇవాళ మళ్లీ వెళ్లాను. తను గదిలో లేదు. గిన్నెలో నీళ్లు సగానికి దిగి ఉన్నాయి.

ఒలికిపోయాయేమోనని బల్లంతా చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది.